ఎన్నికల ముందు యూనియన్ ఏం చేయాలి? డిమాండ్లు రాయడం నుంచి లెక్క అడగడం దాకా

ఎన్నికలు వస్తున్నాయనగానే యూనియన్ ఆఫీసుకి మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఈసారి మీవాళ్లు ఎటు?" టీ కొట్టు దగ్గర అదే అడుగుతారు, వార్డు నాయకుడు ఫోన్ చేసినా అదే అడుగుతాడు. నేను మున్సిపల్ కార్మికుల యూనియన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, ఎన్నికలు చాలానే చూశాను. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మొదలుపెట్టిన ప్రతిసారీ మేం నష్టపోయాం. మనకేం కావాలి, మన పని మీద ఆధారపడి బతికే జనానికేం కావాలి అన్న దగ్గర మొదలుపెట్టినప్పుడు మాత్రం, గెలిచింది ఎవరైనా సరే, ఎంతో కొంత చేతికి వచ్చింది.

అందుకే ఇది రాస్తున్నాను. మీది మున్సిపల్ యూనియన్ కావచ్చు, అంగన్‌వాడీ కావచ్చు, ఆశా వర్కర్లది, ఆర్టీసీది, కరెంటు ఆఫీసు కాంట్రాక్టు కార్మికులది కావచ్చు. ప్రజలకి రోజూ పనికొచ్చే సేవలో ఉన్న ఎవరికైనా దాదాపు ఇదే దారి.

ముందు క్యాలెండర్ చూసుకోండి

చాలా యూనియన్లు నోటిఫికేషన్ వచ్చాక కదులుతాయి. అప్పటికి ఆలస్యం అయిపోతుంది. షెడ్యూల్ ప్రకటించిన రోజు నుంచే ఎన్నికల కోడ్ మొదలవుతుంది, ఆ తర్వాత ప్రభుత్వం కొత్తగా జీతాలు పెంచుతూ జీవో ఇవ్వడానికి వీల్లేదు, కొత్త పథకం ప్రకటించడానికీ వీల్లేదు. అంటే జీవో రావాల్సిన డిమాండ్ ఏదైనా కోడ్‌కి ముందే తేలాలి, కోడ్ వచ్చాక మిగిలేది హామీ మాత్రమే. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియకే చాలామంది మోసపోతారు.

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 2023 డిసెంబర్ 12న సమ్మె మొదలుపెట్టారు. మున్సిపల్ కార్మికులు అదే నెల 26న దిగారు. ఎన్నికల షెడ్యూల్ వచ్చింది 2024 మార్చి 16న, పోలింగ్ మే 13న. ఆ టైము అనుకోకుండా కుదిరింది కాదు. ప్రభుత్వం చేతిలో ఇంకా సంతకం పెట్టే అధికారం ఉన్న రోజుల్లోనే వాళ్లు రోడ్డెక్కారు. అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో వాళ్ల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, కూడా పెట్టారు. ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. జీతం అడిగితే మీది గౌరవ వేతనం, మీరు ఉద్యోగులు కారు అంటారు, సమ్మె చేస్తే మాత్రం మీది అత్యవసర సేవ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తే ఆ రెండింటినీ పక్కపక్కన రాసి కరపత్రంలో వేయండి, జనానికి ఇంకేమీ వివరించక్కర్లేదు.

కాబట్టి ఎన్నికలకి కనీసం ఆరు నెలల ముందు జనరల్ బాడీ, అంటే సభ్యులందరి సమావేశం, పెట్టండి. అంత టైము లేకపోతే ఉన్నదాంట్లోనే చేయండి, కానీ జనరల్ బాడీ మాత్రం మానొద్దు.

డిమాండ్లు ఆఫీసులో కూర్చుని రాయకండి

మేం మొదటిసారి డిమాండ్ల పత్రం చేసినప్పుడు నలుగురం ఆఫీస్ బేరర్లం ఒక రాత్రి కూర్చుని 41 డిమాండ్లు రాశాం. తెల్లారి ఒక అభ్యర్థికి ఇస్తే చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి, "అన్నీ చేద్దాం" అన్నాడు. అన్నీ చేద్దామన్నవాడు ఏదీ చేయడని అప్పటికి మాకు తెలీదు. తర్వాతిసారి ఆరు రాశాం. ఆ ఆరింటికి కారణం కూడా మేం కాదు, తెల్లవారుజామున హాజరు వేసే మస్టర్ పాయింట్ దగ్గర నిలబడి అడిగితే కార్మికులే చెప్పారు.

అడిగేటప్పుడు సెక్షన్ల వారీగా విడివిడిగా అడగండి. ఊడ్చే మహిళలు, కాలువల్లో పూడిక తీసేవాళ్లు, ట్రాక్టర్ డ్రైవర్లు, వాటర్ వర్క్స్ వాళ్లు, వీధిలైట్ల వాళ్లు. పెద్ద మీటింగ్‌లో అందరినీ కలిపి అడిగితే ఎప్పుడూ మాట్లాడేవాళ్లే మాట్లాడతారు. ఒకసారి ఊడ్పు సెక్షన్ అక్కలతో విడిగా కూర్చుంటే జీతం సంగతి రెండో మాటగా వచ్చింది. మొదటి మాట, తెల్లవారుజామున నాలుగున్నరకి డ్యూటీలో దిగాక మధ్యాహ్నం దాకా వెళ్లడానికి ఒక్క మరుగుదొడ్డి లేదు, అందుకని నీళ్లు తాగడమే మానేస్తున్నాం అని. ఇన్నేళ్లలో మా పత్రాల్లో ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. మా యూనియన్‌లో సగానికి పైగా సభ్యులు మహిళలే, ఎగ్జిక్యూటివ్‌లో ఉన్నది మాత్రం ఇద్దరు.

సామాజిక న్యాయం అని మనం ప్లకార్డు మీద రాస్తాం. అది ముందు మన ఆఫీసులో మొదలవ్వాలి. పారిశుధ్య పనిలో ఉన్నవాళ్లు ఎక్కువమంది దళితులు, ఉత్తరాంధ్రలో రెల్లి కులస్తులు చాలామంది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాల్లో ఎవరున్నారో, మ్యాన్‌హోల్ దగ్గర ఎవరున్నారో ఒక కాగితం మీద రాసి చూసుకోండి. మనుషులతో సెప్టిక్ ట్యాంకులు, మురుగు గుంతలు ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకి పెంచింది. కోలార్ బంగారు గనుల్లో పారిశుధ్య కుటుంబంలో పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్, ఆయనతో పాటు పారిశుధ్య కార్మికుల కోసం పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగితే వచ్చింది ఆ 2014 తీర్పు. మీ ఊళ్లో మెషీన్ ఉందా, ఉంటే నడుస్తోందా, కాంట్రాక్టరు చీకట్లో ఎవరినైనా దింపుతున్నాడా? ఇది మీ పత్రంలో ఒక డిమాండ్‌గా ఉండి తీరాలి, దాని కింద చనిపోతే డబ్బు అని కాకుండా అసలు ఎవరూ దిగకుండా ఏం చేస్తారని రాయాలి.

డిమాండ్ వాక్యం ఎలా ఉండాలి

నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది ఇక్కడే. "కార్మికుల సమస్యలు పరిష్కరించాలి", "కనీస వేతనాలు అమలు చేయాలి", "ప్రైవేటీకరణ ఆపాలి". ఇలాంటి వాక్యాలకి ఏ పార్టీవాడైనా సంతకం పెడతాడు, పెట్టి మర్చిపోతాడు, ఎందుకంటే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరు చేయాలి, ఏ కాగితంతో చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, డబ్బు ఎక్కడినుంచి, దాని వల్ల ఊరికి ఏమిటి, ఈ ఐదూ వాక్యంలో కనిపించాలి.

ఉదాహరణకి "కార్మికుల సంఖ్య పెంచాలి" అని రాసే బదులు ఇలా రాయండి: "మన పట్టణంలో మంజూరైన పారిశుధ్య పోస్టులు ఇన్ని, పనిచేస్తున్నది ఇంతమంది, మా వార్డులో చెత్త రోజు విడిచి రోజు తీస్తున్నది అందుకే. కొత్త కౌన్సిల్ మొదటి మూడు నెలల్లో ఖాళీల మీద తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలి." ఇందులో కార్మికుడి కష్టం, వీధిలో ఉండే ఇల్లాలి కష్టం ఒకే వాక్యంలో ఉన్నాయి. వాటిని విడదీసి రాస్తే మనది జీతాల గొడవ అవుతుంది, కలిపి రాస్తే ఊరి గొడవ అవుతుంది.

దీనికి విశాఖ ఉక్కుని మించిన ఉదాహరణ నాకు తెలీదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న మాట 1966లో వీధుల్లో పుట్టింది, ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా అమ్మాలని సూత్రప్రాయంగా నిర్ణయించింది. ఫిబ్రవరిలో కార్మిక సంఘాలు కూర్మన్నపాలెం జంక్షన్‌లో శిబిరం వేసి రిలే దీక్షలు మొదలుపెట్టాయి. అక్కడ వాళ్లు "మా ఉద్యోగాలు పోతాయి" అని మాత్రమే అని ఉంటే ఆ టెంటు నెల రోజులు కూడా నిలబడేది కాదు. ఇది జనం తెచ్చుకున్న ఫ్యాక్టరీ అన్నారు, భూములిచ్చి, నిర్వాసితులని గుర్తిస్తూ ఇచ్చిన ఆర్-కార్డులు పట్టుకుని ఇంకా ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న నిర్వాసితుల్ని కలుపుకున్నారు. ఏ పార్టీకి ఓటేసినవాడైనా ఆ టెంటు ముందు ఆగాడు, ఏ పార్టీ అభ్యర్థి అయినా ఆ విషయం మీద మాట్లాడకుండా ఓటు అడగలేకపోయాడు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. దాంతో అమ్మకం భయం పోయిందని అక్కడి సంఘాలు అనడం లేదు, అది వేరే సంగతి. కానీ అమ్మేస్తామన్న మాట దగ్గర నుంచి డబ్బు పెడతామన్న మాట దాకా రావడానికి జనం మద్దతు ఎంత పనిచేసిందో చూడండి.

ఆర్టీసీ కథ ఇంకో వైపు చెబుతుంది. తెలంగాణలో 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె జరిగింది, మొదటి డిమాండ్ సంస్థని ప్రభుత్వంలో విలీనం చేయాలని. ఆ సమ్మెలో అది దక్కలేదు. అదే డిమాండ్ పక్క రాష్ట్రంలో ఎన్నికల హామీ అయి, 2020 జనవరి 1న ఏపీఎస్ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2023 ఆగస్టులో, అంటే అసెంబ్లీ ఎన్నికలకి దాదాపు నాలుగు నెలల ముందు, విలీనం బిల్లు శాసనసభలో పాసైంది. సమ్మెలో రానిది ఎన్నికల ముందు కదిలింది. అయితే అక్కడే మనం నేర్చుకోవాల్సిన రెండో విషయం ఉంది. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకి ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. మంచి పథకం, పనికెళ్లే పేద ఆడవాళ్లకి నెలకి ఎంత మిగులుతుందో వాళ్లని అడిగితే తెలుస్తుంది. కానీ ఎక్కేవాళ్లు పెరిగినప్పుడు బస్సులు, డ్రైవర్లు, కండక్టర్లు అదే లెక్కన పెరగాలి కదా. ఆ మాట హామీ రాసిన రోజునే అందులో ఉండాలి. కిక్కిరిసిన బస్సులో కండక్టరూ ప్రయాణికురాలూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఇద్దరికీ కావాల్సింది ఒకటే, ఇంకో బస్సు. మీ యూనియన్ డిమాండ్ రాసేటప్పుడు ఆ ఇద్దర్నీ ఒకే పక్కన నిలబెట్టండి.

ఇక అంకెలు. ఊహించి రాయొద్దు, ఒక్క అంకె తప్పయితే మిగతా పత్రమంతా అబద్ధం అంటారు. సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మంజూరైన పోస్టులు, ఖాళీలు, గత మూడేళ్ల బడ్జెట్‌లో పారిశుధ్యానికి పెట్టింది ఎంత ఖర్చు చేసింది ఎంత, కాంట్రాక్టు సంస్థలకి చెల్లించింది ఎంత, నడిచే బండ్లు ఎన్ని షెడ్డులో ఉన్నవి ఎన్ని, ఇవి అడగండి. అడిగేది ఎంత సూటిగా ఉంటే జవాబు అంత సూటిగా వస్తుంది. పీఎఫ్ సంగతి తెలుసుకోవడానికి దరఖాస్తు కూడా అక్కర్లేదు, ఒక ఆదివారం పదిమందిని కూర్చోబెట్టి ఫోన్లో పాస్‌బుక్ తెరిపించండి, ఏ నెల జమ కాలేదో అక్కడే కనిపిస్తుంది. జీతంలో కొంత అలవెన్స్ పేరుతో ఇస్తుంటే అది ఏ జీవో మీద నిలబడిందో చూసుకోండి. బేసిక్‌లో కలిపి రాయించుకోకపోతే రేపు పీఎఫ్ దగ్గర, గ్రాట్యుటీ దగ్గర గొడవ మొదలవుతుంది. గ్రాట్యుటీ అంటే గుర్తొచ్చింది, అంగన్‌వాడీ వర్కర్లకీ హెల్పర్లకీ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి తీర్పు చేతిలో ఉన్నప్పుడు ఇది ఇస్తారా అని అడగకండి, ఎప్పటి నుంచి ఇస్తారని అడగండి.

ఎవరిని ఏది అడగాలి

కౌన్సిలర్ అభ్యర్థిని పట్టుకుని జీతం 26 వేలు చేయమంటే ఏం లాభం, అది ఆయన చేతిలో లేదు. ఔట్‌సోర్సింగ్ జీతం రాష్ట్ర ప్రభుత్వ జీవోతో పెరుగుతుంది, కాబట్టి ఆ మాట ఎమ్మెల్యే అభ్యర్థి దగ్గర, పార్టీ మ్యానిఫెస్టో కమిటీ దగ్గర పెట్టాలి. కౌన్సిలర్‌ని అడగాల్సినవి చీపుర్లు, సబ్బులు, గ్లవ్స్, తోపుడు బండ్ల రిపేర్లు, వార్డుకో విశ్రాంతి గది, మరుగుదొడ్డి, కౌన్సిల్ తీర్మానాలు. ఇవి చిన్నవి కావు, రోజూ మన ఒంటికి తగిలేవి ఇవే. ఎంపీ అభ్యర్థి దగ్గర కేంద్ర సంస్థల అమ్మకం, పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన లేబర్ కోడ్‌లు, అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకానికి కేంద్రం ఇచ్చే వాటా. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు, వాటి ప్రకారం ఏ పరిశ్రమలోనైనా సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దీని మీద మీ వైఖరి ఏమిటని ఎంపీగా నిలబడే ప్రతివాడినీ అడిగి రాతలో తీసుకోండి.

డబ్బు, చట్టం

ఇక్కడ తప్పు చేస్తే యూనియన్ మీద కేసు పడుతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

సభ్యుల నెలవారీ చందా నుంచి ఎన్నికల పనికి ఖర్చు పెట్టకూడదు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం మొదటినుంచీ దానికోసం విడిగా ఒక రాజకీయ నిధి పెట్టుకోమంది, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఆ నిధికి చందా ఇవ్వమని ఎవర్నీ బలవంతం చేయకూడదు, ఇవ్వనివాళ్లకి యూనియన్‌లో ఏ హక్కూ తగ్గించకూడదు. విడిగా రసీదు పుస్తకం, విడిగా ఖాతా పెట్టండి. మన సభ్యుల్లో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, వేరే పార్టీని అభిమానించే అక్క ఇచ్చిన యాభై రూపాయలతో ఇంకో పార్టీకి ఫ్లెక్సీ కడితే ఆమెకి రేపటి నుంచి యూనియన్ మీద నమ్మకం ఉంటుందా?

ఎన్నికల కరపత్రం, పోస్టర్ ఏది వేసినా దాని మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, అడ్రసులు ఉండాలి. ప్రజా ప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షన్ ఇది. ఫలానా అభ్యర్థిని గెలిపించండని, ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా డబ్బు ఖర్చు పెట్టి ప్రచారం చేయడం నేరం. మన డిమాండ్లు ఇవీ, అభ్యర్థులు ఇచ్చిన జవాబులు ఇవీ అని వేసే కరపత్రంలో ఫలానావారికి ఓటేయండన్న మాట రాకుండా చూసుకోండి. మైకు రాత్రి 10 దాటాక వద్దు, పర్మిషన్ కాగితం జేబులో ఉండాలి. పోలింగ్ ముగిసే టైముకి 48 గంటల ముందు నుంచి సభలు ఆపేయాలి.

పర్మినెంట్ ఉద్యోగులకి సర్వీసు రూల్స్ ప్రకారం ఎన్నికల ప్రచారంలో పాల్గొనడం నిషేధం, పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే శిక్ష కూడా ఉంది. వాళ్లని వేదిక ఎక్కించి ఇబ్బంది పెట్టొద్దు. ఔట్‌సోర్సింగ్ వాళ్ల విషయంలో రూల్ ఏం చెబుతుందన్నది ఒక ఎత్తు, మేస్త్రీ మర్నాడు మస్టర్‌లో పేరు రాయకపోతే అడిగేదెవరన్నది ఇంకో ఎత్తు. అందుకని బయటికి వచ్చి మాట్లాడే పని యూనియన్ పూర్తికాలపు నాయకులు, రిటైరైనవాళ్లు తీసుకోవాలి. యూనిఫాం వేసుకుని ఏ పార్టీ ర్యాలీలోనూ కనిపించొద్దు.

అభ్యర్థుల్ని పిలిచి అడగడం

అందర్నీ పిలవండి. మనకి నచ్చనివాళ్లని కూడా. ఒకే పత్రం, ఒకే టైము, ఒక్కొక్కరికి పది నిమిషాలు. కార్మికుల్ని మాత్రమే కూర్చోబెట్టకండి, వార్డులోని డ్వాక్రా గ్రూపుల అక్కల్ని, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లని, ఆటో స్టాండ్ వాళ్లని, దళిత సంఘాల వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టండి. అభ్యర్థికి మన 300 ఓట్లు కనిపిస్తే ఒకలా మాట్లాడతాడు, వార్డంతా కనిపిస్తే ఇంకోలా మాట్లాడతాడు.

"చేస్తారా?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ "చేస్తాం" అనే ఉంటుంది. ఎలా చేస్తారు, ఏ నెలలో, డబ్బు ఏ పద్దు కింద అని అడగండి. ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు, మ్యానిఫెస్టోలో పెట్టే హామీలకి కారణం చెప్పాలని, డబ్బు ఎలా తెస్తారో స్థూలంగానైనా చూపించాలని ఎన్నికల సంఘమే మార్గదర్శకాల్లో పెట్టింది. "అధికారంలోకి రాగానే కమిటీ వేస్తాం" అంటే కమిటీ రిపోర్టు ఎన్నాళ్లలో, అందులో కార్మికులు ఉంటారా అని అక్కడే అడగండి. సీపీఎస్, అంటే ఉద్యోగి జీతంలోంచి కూడా వాటా కోసే పెన్షన్ పద్ధతి, సంగతి గుర్తుంది కదా. అధికారంలోకి వచ్చిన వారంలోనే దాన్ని రద్దు చేస్తామని ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు అన్నారు. ఉద్యోగులు నమ్మారు. నాలుగేళ్ల తర్వాత 2023లో వచ్చింది జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్ పద్ధతి) అనే ఇంకో చట్టం, పాత పెన్షన్ కాదు. ఆ రోజు ఎలా చేస్తారు, ఖజానా మీద భారం ఎంత, కేంద్రం దగ్గరున్న డబ్బు సంగతేంటని వేదిక మీద నిలబెట్టి అడిగి ఉంటే కనీసం నిజం ముందే తెలిసేది.

అభ్యర్థి రాకపోతే పత్రం ఇంటికి పంపి అందినట్టు సంతకం తీసుకోండి. జవాబులన్నీ ఒక పేజీలో, ఎవరేమన్నారో వాళ్ల మాటల్లోనే, పొగడ్త గానీ తిట్టు గానీ లేకుండా ముద్రించి మస్టర్ పాయింట్లలో, వీధుల్లో పంచండి. వీడియో తీస్తే ముక్కలు చేయకుండా మొత్తం ఉంచండి.

మరి ఎవరికి ఓటేయమని చెప్పాలా?

దీని మీద మనలో మనకే గొడవలు. దేశంలోని పెద్ద కార్మిక సంఘాల్లో ఏఐటీయూసీ 1920లో పుట్టింది, ఐఎన్టీయూసీ 1947లో, హెచ్ఎంఎస్ 1948లో, బీఎంఎస్ 1955లో, సీఐటీయూ 1970లో. వాటిలో చాలావాటికి ఏదో ఒక రాజకీయంతో దగ్గరితనం ఉంది, అది దాచుకోవాల్సిన విషయం కాదు. రాజకీయాలు లేకుండా కనీస వేతనం కూడా లేదు. నా అభిప్రాయం మాత్రం ఇదీ: పాత రికార్డు చూపించండి, ఏ ప్రభుత్వం ఏ జీవో ఇచ్చింది, ఎవరు లాఠీ ఎత్తారు, ఎవరు చర్చలకి పిలిచారో తేదీలతో చెప్పండి, యూనియన్ వైఖరి ఏదైనా ఉంటే అది జనరల్ బాడీలో చేతులెత్తి ఓటేసి తేల్చండి, అంతే. సభ్యుడి ఓటు అతనిది. "మన యూనియన్ ఓట్లన్నీ మీకే" అని నాయకుడు ఎవరికీ మాట ఇవ్వకూడదు, ఆ మాట ఇచ్చి మధ్యలో ఏదైనా తీసుకున్నవాడిని ఆ రోజే పదవిలోంచి దించాలి. ఒకప్పుడు మా దగ్గర అలా జరిగింది, ఆ మచ్చ పోగొట్టుకోవడానికి మాకు రెండు సభ్యత్వ కాలాలు పట్టింది.

కులం పేరుతో, మతం పేరుతో ఓటడిగేవాడిని గేటు మీటింగ్‌కి రానివ్వకండి. కాలువలో దిగే నలుగురిలో ముగ్గురు ఒకరికొకరు పడకుండా పోతే నాలుగోవాడి ప్రాణం పోతుంది. మన నాయకుల్లో ఎవరైనా పోటీ చేయాలనుకుంటే చేయనివ్వండి, అది మంచిదే, కానీ ఎన్నికలు అయ్యేదాకా యూనియన్ పదవి, యూనియన్ చెక్ బుక్ ఇంకొకరికి అప్పగించాలి.

ఓటు మన చేతిలో ఉందో లేదో

ఇంత చేశాక పోలింగ్ రోజు లిస్టులో పేరు లేకపోతే ఏడుపొస్తుంది. అద్దె ఇళ్లు మారే కుటుంబాలు మనవి, పేర్లు గల్లంతయ్యేది ఎక్కువ మనవే. కొత్త ఓటుకి ఫారం 6, అడ్రసు మార్పుకి ఫారం 8, సాయం కోసం 1950 నంబరు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏ రోజుకి 18 నిండినా నమోదు చేసుకోవచ్చు, కాబట్టి మన పిల్లల పేర్లు కూడా చూడండి. స్థానిక ఎన్నికల జాబితాలు కూడా అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారవుతాయి, ఇక్కడ పేరు పోతే అక్కడా పోతుంది.

అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ రోజున జీతంతో కూడిన సెలవు ప్రజా ప్రాతినిధ్య చట్టం 135బి కింద హక్కు, రోజు కూలీలకి కూడా. ఆ ఎన్నికల్లో ఎన్నికల సంఘం గుర్తించిన అత్యవసర సేవల్లో డ్యూటీ పడినవాళ్లు ఫారం 12డి ఇచ్చి పోస్టల్ ఓటు వేయవచ్చు, కానీ నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే ఇవ్వాలి. ఏయే శాఖలు ఆ జాబితాలో ఉన్నాయో రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గర ముందే కనుక్కోండి. పోలింగ్ కేంద్రం ఊడ్చి, నీళ్లు పెట్టి, మరుగుదొడ్లు కడిగే మన అక్కలు ఓటేయకుండా సాయంత్రం ఇంటికెళ్లడం నేను చూశాను. వాళ్ల డ్యూటీ ఏ కేంద్రంలో, ఓటు ఏ కేంద్రంలో అని ముందు రోజే రాసుకుని, గంట పర్మిషన్ ఇవ్వాలని కమిషనర్‌కి లెటర్ ఇవ్వండి.

ఫలితాల తర్వాత

గెలిచినవాళ్లకి దండ వేయడానికి వెళ్లేటప్పుడు సంతకం పెట్టిన పత్రం జిరాక్స్ కూడా తీసుకెళ్లండి. అదే వారంలో రిజిస్టర్ పోస్టులో ఇంకో కాపీ పంపండి. ఆఫీసు గోడ మీద ఒక బోర్డు పెట్టి హామీ, ఇచ్చిన తేదీ, గడువు, ఇప్పుడెక్కడుంది అని నాలుగు గడులు గీయండి, ప్రతి నెలా జీతాల రోజున నింపండి. కౌన్సిల్ సమావేశానికి ముందు అజెండా కాపీ తెచ్చుకుని మన విషయం ఉందో లేదో చూడండి, లేకపోతే మనకి మాట ఇచ్చిన కౌన్సిలర్ ఇంటికి ఆ ఉదయమే పదిమంది వెళ్లండి, వీధిలోని ఇద్దరు ఇల్లాళ్లని వెంట తీసుకుని. ఎమ్మెల్యే అయితే అసెంబ్లీ సమావేశాలకి ముందు ప్రశ్న రాసిచ్చి అడగమనండి. మూడు నెలలకి మళ్లీ సమాచార హక్కు దరఖాస్తు.

గడువు దాటితే ముందు వినతిపత్రం, తర్వాత మస్టర్ పాయింట్ దగ్గర నిరసన, తర్వాత సమ్మె నోటీసు. నోటీసు ఇచ్చిన రోజునే వీధుల్లో ఒక కరపత్రం పంచండి: ఫలానా తేదీన మీ ముందే ఈ మాట ఇచ్చారు, ఇదిగో సంతకం, ఇన్ని నెలలైంది, చెత్త ఆగితే మీకు కష్టమని మాకు తెలుసు, ఆసుపత్రి వీధులూ మంచినీళ్లూ మాత్రం ఆపం. ఆసుపత్రి, మంచినీళ్ల మాట తప్పకుండా రాయండి, రాసింది చేయండి. చివరిసారి మేం అలా చేసినప్పుడు మూడో రోజు ఒక అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు టెంటు దగ్గరికి మజ్జిగ క్యాన్లు పంపారు, ఐదో రోజు చర్చలకి పిలుపొచ్చింది. ఆ పత్రం, ఆ రసీదులు, ఆ బోర్డు ఫోటోలు ఒక ఫైల్లో పెట్టి బీరువాలో ఉంచండి, కొత్త సెక్రటరీ వచ్చినప్పుడు తాళంతో పాటు ఆ ఫైలు కూడా చేతికివ్వండి.